చెరువు నీళ్ల నుంచి మిర్చి మార్కెట్ దాకా: వరంగల్ పల్లెలు ఉపగ్రహ చిత్రాలను వాడుకునే పద్ధతి

వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఆర్థిక జీవనం ఇప్పటికీ చెరువులో నిలిచిన నీళ్ల మీద, పత్తి, వరి, మిర్చి పంటల మీద, ఎనుమాముల మార్కెట్‌లో పలికే ధర మీద ఆధారపడి ఉంది. నీళ్లు ఎన్ని ఉన్నాయి, ఏ పంట ఎంత విస్తీర్ణంలో వేశారు, ఆ పంట ఏ దశలో ఉంది అన్న మూడు ప్రశ్నలకు కావలసిన సమాచారంలో చాలా భాగం నేడు ఉపగ్రహ చిత్రాల రూపంలో ఉచితంగా దొరుకుతోంది. రైతు ఉత్పత్తిదారుల సంఘం గానీ, ప్రాథమిక సహకార సంఘం గానీ, గ్రామ పంచాయతీ గానీ కంప్యూటర్ తెలిసిన ఒక యువకుడిని లేదా యువతిని ఈ పనికి నియమించుకుంటే, పెద్ద ఖర్చు లేకుండా ఒక్క సీజన్‌లోనే ఉపయోగపడే ఫలితం చూడవచ్చు.

మొదట తేల్చుకోవలసింది ఏ చిత్రం తీసుకోవాలన్నది కాదు, ఏ నిర్ణయం కోసం తీసుకోవాలన్నది. యాసంగిలో, అంటే రబీలో, ఎన్ని ఎకరాల వరికి నీళ్లు వదలాలి, జనవరిలో మిర్చి ఏరడానికి ఎంతమంది కూలీలు కావాలి, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని బస్తాలకు చోటు మాట్లాడుకోవాలి వంటి ప్రశ్నను, దానికి జవాబు కావలసిన తేదీని కాగితం మీద రాసుకున్న తరువాతే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. తేదీ లేని ప్రశ్నతో మొదలుపెడితే రంగురంగుల పటాలు మిగులుతాయి తప్ప ఎవరికీ రూపాయి ప్రయోజనం కలగదు.

చిత్రాలు దొరికే చోట్లు ప్రధానంగా రెండు. ఐరోపా అంతరిక్ష కార్యక్రమానికి చెందిన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. ఇవి సుమారు అయిదు రోజులకొకసారి మన మీదుగా వస్తాయి, ఒక్కొక్క చుక్క నేల మీద 10 మీటర్లకు 10 మీటర్ల జాగాను చూపుతుంది. రెండోది మన ఇస్రోకు చెందిన, హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్, భూనిధి పోర్టళ్లు. భువన్ 2009 నుంచి ఉంది, పటాలు చూడటానికి అనుకూలం. భూనిధి నుంచి రిసోర్స్‌శాట్ వంటి మన ఉపగ్రహాల డేటాను దించుకోవచ్చు. 5 మీటర్లు, అంతకన్నా ముతకగా ఉండే ప్రభుత్వ ఉపగ్రహ డేటాను ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచాలని 2023 నాటి భారత అంతరిక్ష విధానం చెబుతోంది. కాబట్టి ఈ డేటాను అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

10 మీటర్ల చుక్క అంటే 100 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు ఒక గుంట. ఎకరానికి 40 గుంటలు కాబట్టి ఎకరం మడి చిత్రంలో 40 చుక్కలుగా కనిపిస్తుంది. గట్టు మీద పడే చుక్కల్లో పక్క పొలమో, చెట్టో కలిసిపోతుంది కనుక అర ఎకరం మడి గురించి ఈ చిత్రాలతో నమ్మకంగా చెప్పడం కష్టం. రెండెకరాల చెల్క గురించి చెప్పవచ్చు, చెరువు ఆయకట్టు గురించి నిశ్చింతగా చెప్పవచ్చు. ఈ కొలతను రైతులకు గుంటల్లోనే వివరిస్తే వెంటనే అర్థమవుతుంది.

నా అభిప్రాయంలో ఏ గ్రామమైనా చెరువుతోనే మొదలుపెట్టాలి. రామప్ప, పాకాల, లక్నవరం, గణపురం వంటి కాకతీయుల నాటి పెద్ద చెరువులైనా, ఊరి కుంట అయినా పద్ధతి ఒక్కటే. కోపర్నికస్ బ్రౌజర్‌లో ఖాతా తెరిచి, మీ చెరువు దగ్గరికి వెళ్లి, సెంటినెల్-2లోని ఎల్2ఏ రకం చిత్రాలను, అంటే గాలి, ధూళి ప్రభావాన్ని ముందే సరిచేసిన వాటిని ఎంచుకోవాలి. వానలు వెనకబట్టి ఆకాశం తేటపడిన నవంబర్ రెండో పక్షంలోని ఒక తేదీని తీసుకుని, మబ్బు లేదని కంటితో చూసుకున్నాక, ఎన్‌డీడబ్ల్యూఐ అనే పొరను తెరవాలి. నీళ్లు ఆకుపచ్చ కాంతిని కొంత తిప్పి పంపుతాయి కానీ కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా పీల్చుకుంటాయి. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె నీళ్ల మీద సాధారణంగా సున్నా కన్నా ఎక్కువగా ఉంటుంది. అలా కనిపించిన నీటి అంచు వెంట గీత గీస్తే వైశాల్యాన్ని బ్రౌజరే చదరపు కిలోమీటర్లలో చూపుతుంది. ఒక చదరపు కిలోమీటరు 247 ఎకరాలు.

ఇదే కొలతను గత అయిదారేళ్ల నవంబర్ చిత్రాల్లో కూడా తీసి ఒక పట్టికలో రాయాలి. అసలు విలువ ఈ పోలికలోనే ఉంది. ఈ ఏడాది నీటి విస్తీర్ణం ఇంత అని చెబితే సభలో ఎవరూ తల ఊపరు. ఫలానా ఏడాది ఇంతే నీళ్లున్నప్పుడు మార్చిలో చివరి తూము కింద వరి ఎండిందని చెబితే అందరికీ జ్ఞాపకం వస్తుంది. అందుకే పట్టికలో ప్రతి ఏడాది ఎదుట ఆ యాసంగి ఎలా గడిచిందో ఊరి పెద్దలను, నీళ్లు వదిలే నీరటిని అడిగి రాసుకోవాలి.

వైశాల్యం తెలిస్తే నీటి పరిమాణం తెలిసినట్టు కాదు. నీటిపారుదల శాఖ వద్ద ఉండే వైశాల్యం, సామర్థ్యాల పట్టికను ఆ శాఖ అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) గారిని అడిగి తీసుకోవాలి. అయితే 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులకు పాత పట్టిక సరిపోకపోవచ్చు, అది ఏ సంవత్సరం నాటిదో తప్పక అడగాలి. పరిమాణం తెలిశాక లెక్క తేలికే. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నాలుగడుగుల నీళ్లు కావాలి. మిలియన్ ఘనపుటడుగుల నీళ్లు 23 ఎకరాల్లో ఒక్క అడుగు లోతున నిలుస్తాయి కాబట్టి, వాటితో అయిదారు ఎకరాల వరి మాత్రమే పండుతుంది. కాలువల్లో ఇంకేది, ఎండకు ఆవిరయ్యేది పోగా అది ఇంకా తగ్గుతుంది. మక్కజొన్నకు ఇందులో సగం నీళ్లు చాలు. తైబందీ, అంటే యాసంగిలో చెరువు కింద ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలన్న నిర్ణయం, ఎంతవరకు అన్న చర్చ ఈ లెక్కతో మొదలైతే చివరి మడి రైతుకు న్యాయం జరిగే అవకాశం ఎక్కువ.

ఈ కొలతలో మూడు చోట్ల మోసపోయే ప్రమాదం ఉంది. గుర్రపుడెక్క కమ్మిన చెరువు ఉపగ్రహానికి పచ్చని పంటలా కనిపించి, నీళ్లు ఉన్నదాని కన్నా తక్కువగా తేలుతాయి. కొత్త వరదతో ఎర్రబడిన నీళ్లలో ఆ అంకె సున్నాకు దగ్గరగా వస్తుంది కాబట్టి ఏ అంకె దాటితే నీళ్లుగా లెక్కించాలన్న హద్దును కొంచెం మార్చుకోవాలి. ఇక శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నుంచో, దేవాదుల ఎత్తిపోతల నుంచో నింపే చెరువుల్లో కనిపించే నీళ్లు వానకు వచ్చినవి కావు. వచ్చే నెలలో కాలువ వస్తుందో రాదో తెలుసుకోకుండా చిత్రాన్ని బట్టి ధీమా పడకూడదు.

పంటల విషయంలో కాలాన్ని సరిగా ఎంచుకోవడమే సగం పని. పత్తి, మిర్చి రెండూ చిత్రంలో ఆకుపచ్చగానే ఉంటాయి, ఒకే తేదీ చిత్రంతో వాటిని విడదీయడం నిపుణులకు కూడా కష్టం. కానీ పత్తిని జూన్‌లో విత్తితే సెప్టెంబర్‌కు చేను కమ్ముకుంటుంది, మిర్చి నారు ఆగస్టు, సెప్టెంబర్లలో నాటుతారు కాబట్టి అప్పటికి ఆ చేను దాదాపు బోసిగా ఉంటుంది. జనవరికి పత్తి ఆకు రాల్చి ఎండుతుంటే మిర్చి ఇంకా పచ్చగా నిలుస్తుంది. పైరు పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ పొరను ఈ రెండు తేదీలకూ తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు పంటలూ విడివిడిగా తేలుతాయి. వరిని నాట్లప్పుడే పట్టుకోవాలి. ఆగస్టులో మబ్బు వల్ల మామూలు చిత్రాలు దొరకవు కాబట్టి మబ్బును దాటి చూసే రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 చిత్రాలు వాడాలి. వాటిలో దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి నల్లగా కనిపించి, పైరు దుబ్బు చేసే కొద్దీ తెల్లబడుతుంది. ఇస్రో, నాసా కలిసి 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నిసార్ కూడా రాడార్ ఉపగ్రహమే.

ఇలా తయారైన పటాన్ని నేల మీద సరిచూడకుండా ఎవరికీ చూపరాదు. ఈ నియమంలో మినహాయింపు ఉండకూడదని నా గట్టి నమ్మకం. ప్రతి పంటకు కనీసం ముప్పై చేన్ల వద్దకు వెళ్లి, గట్టు మీద కాకుండా చేను నడుమ నిలబడి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు, పంట పేరు, నాటిన వారం నమోదు చేయాలి. వీటిలో మూడో వంతు చేన్లను పటం తయారీకి వాడకుండా పక్కన ఉంచి, చివర్లో పటం చెప్పినదానితో పోల్చాలి. ఎన్నింట తప్పిందో ఆ సంఖ్యను పటం మీదే ముద్రించాలి. వ్యవసాయ విస్తరణాధికారి చేసే పంటల నమోదుతో కూడా పోల్చి చూసుకోవాలి. రెండింటికీ తేడా వచ్చిన చోటికి ఆయనతో కలిసి వెళ్లడం మేలు, ఎందుకంటే తప్పు ఒక్కోసారి పటంలో, ఒక్కోసారి నమోదులో ఉంటుంది.

సరిచూసిన పటం చేతికి వచ్చాక దాన్ని డబ్బుగా మార్చే పని సంఘానిది. మండలంలో మిర్చి నిరుటి కన్నా బాగా పెరిగిందని డిసెంబర్‌లోనే తెలిస్తే, కోల్డ్ స్టోరేజీలో చోటును, టార్పాలిన్లను, కూలీలను అందరికన్నా ముందే మాట్లాడుకోవచ్చు. చేన్లు ఒకేసారి పండకుండా దశలవారీగా ఉన్నాయని పటంలో కనిపిస్తే సంఘం తన సరుకును మార్కెట్‌కు విడతలుగా పంపవచ్చు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో అమ్మే సరుకు ఏ ఊరి ఏ చేనిదో చూపగలిగితే దూరపు కొనుగోలుదారుకు నమ్మకం కుదురుతుంది. అయితే రకం ఏదో ఉపగ్రహం చెప్పదు, దానికి చేని జీపీఎస్ గుర్తు, విత్తనం రసీదు రెండూ జతచేయాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దిగుబడి అంచనా ముందుగా వ్యాపారి చేతికి వెళితే, సరుకు విరివిగా వస్తుందని తెలిసి ధర తగ్గించే అవకాశం అతనికి దొరుకుతుంది. కాబట్టి పటం మొదట రైతులు సమావేశమయ్యే రైతు వేదిక భవనంలో రైతుల ముందు గోడకెక్కాలి, బయటివారికి ఎప్పుడు ఎంత వివరంగా ఇవ్వాలో సంఘం తీర్మానం చేసుకోవాలి. రైతు పేరు, సర్వే నంబరు ఉన్న జాబితా ఎవరికీ ఇవ్వకూడదు.

వరదల విషయంలో ఈ చిత్రాల మీద పెట్టుకోదగిన ఆశకు పరిమితి ఉంది. 2023 జూలై చివర్లో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగినట్టు గంటల్లో వచ్చే వరదను, రోజుల తరబడి ఎదురుచూస్తే గాని రాని ఉపగ్రహం ముందుగా చెప్పలేదు. ముందస్తు హెచ్చరికకు వాతావరణాన్ని గమనించే ఇన్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల ఆధారంగా కూడా వాతావరణ శాఖ ఇచ్చే సూచనలనే అనుసరించాలి. వరద తీశాక ఇసుక మేట వేసిన పొలాలను, కోసుకుపోయిన గట్లను ముందు, తరువాతి చిత్రాలతో చూపితే నష్టపరిహారం దరఖాస్తుకు బలం చేకూరుతుంది. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో సెల్ టవర్ అందని ఊళ్లకు ఉపగ్రహ ఇంటర్నెట్ ఒక మార్గమే గానీ, ఒక్కో ఇంటికి కాకుండా పంచాయతీ కార్యాలయానికో, ఆశ్రమ పాఠశాలకో ఒకటి పెట్టుకుని అందరూ వాడుకోవడం ఖర్చు రీత్యా సబబు.

సందేహాలు వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని తెలంగాణ రిమోట్ సెన్సింగ్ అప్లికేషన్స్ సెంటర్‌ను, వరంగల్ ఎన్‌ఐటీ సివిల్ ఇంజనీరింగ్ విభాగాన్ని, వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చు. విద్యార్థుల ప్రాజెక్టుకు మీ చెరువునే అంశంగా ఇమ్మని కళాశాలను అడగడం ఇద్దరికీ లాభం. పటాలన్నిటినీ ఏడాదివారీగా ఒక ఫోల్డర్‌లో, దాని నకలును సంఘం కార్యాలయంలోని వేరే డిస్క్‌లో దాచాలి. ప్రతి పటం అడుగున చిత్రం తీసిన తేదీ, ఉపగ్రహం పేరు, నేల మీద సరిచూసినవారి సంతకం ఉండాలి. ఈ పని నేర్చినవారు ఒక్కరే ఉంటే, వారు ఉద్యోగం వచ్చి పట్నం వెళ్లిన రోజున పని ఆగిపోతుంది కనుక మొదటి సీజన్‌లోనే పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి నేర్పించాలి.