బురద మేటల్లో బాతుల వేట: ఆపదలో చేసే సైగ ఎందుకు చేరదు, చేరాలంటే ఏం చేయాలి

ఇంగ్లండు తీరంలో నదులు సముద్రంలో కలిసే చోట, మోర్కామ్ బే, వాష్, రిబుల్ వంటి ప్రాంతాల్లో, ఏటా సెప్టెంబరు 1 నుంచి ఫిబ్రవరి 20 వరకు బాతుల వేట సాగుతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది నేరం. అక్కడ మాత్రం చట్టబద్ధం. 1908లోనే స్టాన్లీ డంకన్ ఈ వేటగాళ్లకు ఒక సంఘం పెట్టారు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో వేటకు కాకపోయినా పక్షుల ఫోటోల కోసం ఇవే బురద మేటల్లోకి దిగేవారున్నారు. ఈ మాటలు వాళ్లకు కూడా.

బాతులు దగ్గరికి రావాలంటే మనిషి కనబడకూడదు, వినబడకూడదు. అందుకే బురద రంగు కోటు, ముఖానికి ముసుగు, తెల్లవారకముందే చీకట్లో నడక. ఆపద వచ్చినప్పుడు సాయం అందకపోవడానికి చాలావరకు కారణం ఇదే. కింద చెప్పిన సమస్యల్లో దాదాపు అన్నిటి వెనకా ఇదే ఉంటుంది.

సమస్య: తుపాకీ పేల్చినా ఎవరూ రాలేదు

సముద్ర నిబంధనల ప్రకారం సుమారు నిమిషానికోసారి తుపాకీ పేల్చడం ఆపద సంకేతమే. కానీ వేట జరిగే చోట తెల్లవారుజామున తుపాకీ మోత ఎవరి చెవికీ కొత్త కాదు. పక్క పాయలో ఉన్నవాడు మీకు వేట బాగా దొరికిందనుకుంటాడు.

వేటలో ఎవరూ చేయని శబ్దం చేయాలి. నిమిషంలో ఆరుసార్లు ఈల, తర్వాత ఒక నిమిషం మౌనం, మళ్లీ ఆరు. చీకట్లో టార్చిలైటుతోనూ ఇదే లెక్క. జవాబుగా మూడు ఈలలు వినబడతాయి. వినబడగానే ఆపేయకండి. మనిషి మీ దగ్గరికి చేరేదాకా ఊదుతూనే ఉండాలి, ఎందుకంటే ఆ శబ్దమే అతనికి దారి. లోపల గోళీ ఉండే ఈల బురద చేరితే మూగబోతుంది కాబట్టి గోళీ లేని ప్లాస్టిక్ ఈల కొనండి. సంచిలో కాదు, కోటు కాలరుకే కట్టుకోండి.

సమస్య: హెలికాప్టరు తల మీదుగా వెళ్లింది, నన్ను చూడలేదు

మీ కోటు తన పని తాను చేసింది, అంతే. జేబులో మడిచిన నారింజ రంగు గుడ్డ ఒకటి, మిణుకుమనే చిన్న దీపం ఒకటి ఉంచుకోండి. చేతిలో పట్టుకునే ఎర్ర ఫ్లేర్ (ఆపదలో వెలిగించే మంట కడ్డీ) సుమారు నిమిషమే మండుతుంది. కంగారులో ముందే వెలిగిస్తే వృథా. వెతికేవాళ్లు కనబడ్డాకో, ఇంజిన్ చప్పుడు వినబడ్డాకో వెలిగించాలి. గాలి వాటున, ఒంటికి దూరంగా, చేయి చాచి పట్టుకోండి, మంట వైపు చూడకండి. పగలైతే నారింజ పొగ నయం. ఫ్లేర్ల గడువు తేదీ ఏటా వేటకాలం మొదట్లోనే చూసుకోవాలి. హెలికాప్టరు దగ్గరికొచ్చాక మాత్రం టార్చి వెలుగు పైలట్ కళ్లలో కొట్టకండి.

సమస్య: ఫోను పని చేయలేదు

కారణాలు మూడు. చలికి బ్యాటరీ పడిపోవడం, సిగ్నల్ లేకపోవడం, మూడోది వేళ్లు. మోకాలి లోతు పాయలో నిలబడి, చలికి మొద్దుబారిన బురద వేలితో తడి తెరను నొక్కిచూడండి. ఫోను నీటి బొట్టును కూడా వేలే అనుకుంటుంది, ఒక అంకె నొక్కితే మరొకటి పడుతుంది.

ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి, చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచండి. చాలా ఫోన్లలో పక్క బటన్‌తోనే అత్యవసర కాల్ చేసే వీలుంది. అదెలాగో ఇంట్లోనే తెలుసుకోండి. పాయ గట్టు మీదికెక్కి, అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి, కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ మరో కంపెనీ టవర్ ఉంటే ఈ కాల్ వెళ్తుంది.

ఏ టవరూ లేని చోటికి వెళ్తారా, అయితే ఒంటికి తగిలించుకునే బీకన్ కొనండి. నా మాట వింటే మరో తుపాకీకి పెట్టే డబ్బు దీనికి పెట్టండి. అది 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి కబురు పంపుతుంది, కనీసం 24 గంటలు పని చేస్తుంది. యాంటెన్నా నిటారుగా ఉండాలి, పైన ఆకాశం తెరిపిగా కనబడాలి. బ్రిటన్‌లో దాని రిజిస్ట్రేషన్ ఉచితం. చేయించకపోతే ఆ బీకన్ ఎవరిదో, ఎవరిని అడగాలో వెతికేవాళ్లకు తెలియదు. ఓడల్లో వాడే చేతి వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే ఛానల్ 16లో సాయం అడగండి.

సమస్య: తిరిగొచ్చే దారి మునిగిపోయింది

పోటు నీరు ఎదురుగా సముద్రం వైపు నుంచి వస్తుందని అందరూ అటే చూస్తుంటారు. అది ముందుగా పాయల్లోంచి ఎక్కి, మీ వెనక చేరుతుంది. మీరున్న మేట ఇంకా పొడిగానే ఉంటుంది, దాటి వచ్చిన పాయ మాత్రం నిండిపోతుంది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి మోర్కామ్ బేలో గుల్లలు ఏరుకోవడానికి వెళ్లిన చైనా కూలీలు కనీసం 21 మంది పోటుకు చిక్కి చనిపోయారు.

పోటు సమయాల పట్టిక ఏ గడియారం ప్రకారం అచ్చయిందో చూడండి. అక్టోబరు చివరి ఆదివారం దాకా అక్కడి గడియారాలు గ్రీనిచ్ సమయం కంటే గంట ముందుంటాయి. ముందే సరిచేసిన పట్టికకు మీరు మళ్లీ గంట కలిపితే, మీరు అనుకున్నదానికి గంట ముందే నీరు వచ్చేస్తుంది. వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పీడనం 980 మిల్లీబార్లకు పడిపోయిన రోజు పట్టికలో చెప్పినదానికంటే దాదాపు అడుగు ఎక్కువ, సముద్రం మీది నుంచి గాలి వీస్తే ఇంకా ఎక్కువ. వెళ్లేటప్పుడే పాయ అంచున ఒక కర్ర గుచ్చండి. దాని మొదట్లోకి నీరు చేరగానే, బాతులు దిగుతున్నా సరే, లేచి రండి.

పొగమంచు కమ్మితే మేటల మీద దిక్కు తెలియదు. తీరపు గట్టు ఏ దిక్కున ఉందో బయల్దేరేటప్పుడే దిక్సూచితో చూసి రాసుకోండి.

సమస్య: కాలు దిగబడింది, రావడం లేదు

గుంజితే ఇంకా లోపలికి పోతుంది. ముందు తుపాకీలో తూటాలు తీసేయండి. సంచి వదిలి వెనక్కి కూర్చోండి, అవసరమైతే వెల్లకిలా వాలి బరువు పరచండి. కాలిని కొద్దికొద్దిగా కదిలిస్తే పక్కలకు నీరు చేరి పట్టు వదులుతుంది. బూటు పోతే పోనివ్వండి. మెల్లగా పాకుతూ, వచ్చిన దారినే వెనక్కి రండి. రాకపోతే ఆలస్యం చేయకుండా 999. తోటివాళ్లు మీ దగ్గరికి రాకూడదు, వస్తే చిక్కేది ఇద్దరు.

సమస్య: చీకటిపడ్డా ఎవరూ వెతకడం మొదలుపెట్టలేదు

ఎక్కడికి వెళ్లారో ఎవరికీ తెలియదు కాబట్టి. కారు ఎక్కడ ఆపారు, ఏ పాయ వైపు వెళ్లారు, పోటు ఎన్నింటికి, ఎన్నింటిదాకా రాకపోతే 999కి ఫోన్ చేయాలి, ఈ నాలుగూ కాగితం మీద రాసి ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించి వెళ్లండి. కారు దగ్గరికి చేరగానే, బూట్లు విప్పకముందే, ఇంటికి ఫోన్ చేసి వచ్చేశానని చెప్పండి.