పుస్తకం మూసి రాయండి

చెన్నైలో సెమిస్టర్ పరీక్షలకు కూర్చోబోతున్న మన పిల్లలకు ఒక మాట. నోట్సు పదిసార్లు తిరగేస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, తీరా హాల్లో పెన్ను కదలదు. నాకు మొదటి సెమిస్టర్‌లో అదే జరిగింది. ఒకసారి చదివాక పుస్తకం మూసేసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. ఆగిపోయిన చోట మాత్రమే మళ్లీ తెరవండి. రెండు రోజులాగి ఒకసారి, వారానికి ఇంకోసారి అదే టాపిక్ రాయండి. 100 మార్కులకు 3 గంటలంటే, 13 మార్కుల జవాబుకు దక్కేది 23 నిమిషాలే. ఫోన్‌లో టైమర్ పెట్టి, ఫోన్ బోర్లించేయండి (వాట్సాప్ ఎక్కడికీ పోదు). రూమ్‌లో గోలగా ఉంటే కోట్టూర్‌పురంలోని అన్నా సెంటినరీ లైబ్రరీకి వెళ్లండి, సొంత పుస్తకాలు చదువుకోవడానికి అక్కడ విడిగా చోటుంది. పాత ప్రశ్నపత్రాలు వెంట తీసుకెళ్లండి.