సీజన్‌కు ముందు ఫుట్‌బాల్, మూడో పాఠం: టేపుతో మొదలయ్యే యో-యో పరీక్ష

గత పాఠంలో చెప్పిన రెండు వారాల తేలికపాటి పరుగు పూర్తి చేసినవాళ్లే దీనికి దిగండి. మే నెలంతా ఎండకు జడిసి ఇంటిపట్టున ఉండి, తొలకరి పడగానే మైదానానికి వచ్చినవాళ్లు ఇంకొన్నాళ్లు ఆగాలి. ఇది ఓపిక అడుగంటేదాకా పరుగెత్తే పరీక్ష.

యో-యో పరీక్షను డెన్మార్క్‌కు చెందిన యెన్స్ బాంగ్స్‌బో రూపొందించారు. విరామంతో కూడిన రకంలో మొదటి స్థాయి మనకు చాలు. 20 మీటర్లు వెళ్లి, గీత తొక్కి, వెనక్కి రావాలి. ఆపైన 10 సెకన్ల విరామం. అందులోనే బయలుదేరిన గీత వెనక ఉన్న 5 మీటర్ల జాగాలో నడిచి రావాలి. ఇలా ఒకసారి వెళ్లి రావడం ఒక విడత. ఎంత వేగంగా పరుగెత్తాలో పరీక్ష ఆడియోలో వినిపించే బీప్ చెబుతుంది. గంటకు 10 కిలోమీటర్లతో మొదలై, 440 మీటర్లు దాటాక 14.5కు చేరుతుంది. అక్కడినుంచి ప్రతి 8 విడతలకు అర కిలోమీటరు పెరుగుతుంది. బీప్‌లోపు గీత అందుకోలేకపోవడం రెండోసారి జరిగితే ఆపేయాలి. 12 నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తారో చూసే కూపర్ పరుగు కూడా మంచిదే కానీ, ఆగడం, తిరగడం, మళ్లీ అందుకోవడం అందులో లేవు. ఫుట్‌బాల్ అంతా అదే కదా.

ఇక అసలు సంగతి, కొలత. నల్గొండలో మొదటిసారి ఈ పరీక్ష పెట్టినప్పుడు నేను అడుగులతో కొలిచాను. కుర్రాళ్లందరూ అదరగొట్టేశారు. సంబరం తగ్గాక అనుమానమొచ్చి మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చి చూస్తే 18.5 మీటర్లే ఉంది! తగ్గింది దూరమొక్కటే అనుకోకండి. 10 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్లకు 7.2 సెకన్లు పడుతుంది. అదే సమయంలో 18.5 మీటర్లు వెళ్తే వేగం 9.25 మాత్రమే. అంటే ప్రతి విడతలోనూ నేను వాళ్లకు తెలియకుండానే రాయితీ ఇచ్చాను. అందుకే టేపు బిగించి లాగి, ముగ్గుపిండితో గీత వేయండి. కోన్లు గాలికి, కాళ్లకు జరిగిపోతాయి, గీత జరగదు.

మన ఎర్రమట్టి నేల మీద సన్నగులక తేలి ఉంటుంది. మలుపు దగ్గర రెండడుగుల మేర ఊడ్చేయండి. గీతకు మూడడుగుల ముందే నడుము కాస్త దించి, అడుగులు చిన్నవి చేసుకోవాలి. ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు గీత మీద ఆనించి తిరగాలి. చాలామంది అలవాటైన కాలి మీదే తిరుగుతారు, ఆ మోకాలే ముందు మొరాయిస్తుంది.

పూర్తయిన విడతలను 40తో గుణించండి. ఉదాహరణకు 30 విడతలైతే 1200 మీటర్లు. దాన్ని 0.0084తో గుణించి 36.4 కలిపితే 46.5 వస్తుంది. నిమిషానికి, కిలో బరువుకు శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ ఎన్ని మిల్లీలీటర్లో తెలిపే అంచనా ఇది. నాకైతే మీటర్ల అంకె మీదే గురి. ఆక్సిజన్ లెక్క కుర్రాళ్లు గొప్పలు చెప్పుకోవడానికి పనికొస్తుంది.

ఉదయం ఆరింటికి, ముందు రోజు బరువైన సాధన లేకుండా చేయండి. అంకె పక్కన నేల తడో పొడో, ఏ బూట్లో రాసి పెట్టుకోండి. ఆరు వారాల తర్వాత అదే గీతల మధ్య, అదే వేళకు మళ్లీ పరుగెత్తాలి. ఈ అంకెను బట్టి సాధనలో విడతల వేగం ఎలా ఎంచుకోవాలో నాలుగో పాఠంలో.