పాత కూరోస్ సెంటును ఒంటి మీద ఎలా వాసన చూడాలి?

మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం, "ఛీ, బాత్రూమ్ కంపు" అని పక్కన పడేయడం. ఇదే నేను ఎప్పుడూ చూసేది. ఫ్రెంచ్ ఫ్యాషన్ సంస్థ ఈవ్ సాన్ లోరాన్ 1981లో తెచ్చిన కూరోస్‌ను అలా చూస్తే ఎవరికైనా కంపే కొడుతుంది. సీసాలో ఒకలా, ఒంటి మీద గంటకోలా ఉండే సెంటు అది. సెలవు రోజు చూసుకుని, ఒక పూట దీనికోసం వదిలేయండి.

కావలసినవి ఆ తెల్ల సీసా, ఒక కాగితం ముక్క, వాసన లేని సబ్బుతో కడిగి తుడుచుకున్న చెయ్యి. పెట్టె మీద లినలూల్, కౌమరిన్ అంటూ పదార్థాల పేర్ల పెద్ద చిట్టా ఉంటే అది దాదాపు 2005 తర్వాతి సరుకు, పాతదని చెప్పి అమ్మితే కొనకండి. మధ్యలో ముక్కు తేరుకోవడానికి కాఫీ గింజల వాసన చూడక్కర్లేదు, అదంతా షాపుల్లో హడావిడి. ముక్కు మొద్దుబారితే మీ చొక్కా భుజం వాసన చూసుకోండి.

మొదటి రెండు స్ప్రేలు కాగితం మీద కొట్టేయండి, ఏళ్ల తరబడి గొట్టంలో నిలవున్న ద్రవం అది. ఆ తర్వాత మోచేతి మడతలో ఒక్క స్ప్రే. మణికట్టు మీద వద్దు, చెయ్యి కడిగిన ప్రతిసారీ సగం పోతుంది. రుద్దకండి.

ఇక మొదటి అరగంట. అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే.

పాత సీసాలో ముందుగా పాడయ్యేది పైవాసన. నిమ్మజాతి నూనెలు గాలి తగిలి చెడి, కొట్టగానే టర్పెంటైన్‌లా, నెయిల్ పాలిష్ రిమూవర్‌లా ఘాటుగా వస్తుంది. అది చూసి ఎక్స్‌పైర్ అయిపోయిందని కంగారుపడి కడిగేసుకుంటారు. కడగొద్దు! త్వరగా ఆవిరయ్యేవి ముందు ఎగిరిపోతాయి, పదిహేను నిమిషాల్లో ఆ ఘాటు తగ్గాలి. అరగంట దాటినా పుల్లటి వాసన వదలకపోతే అప్పుడు నిజంగానే పాడైనట్టు. దురద పెడితే మాత్రం ఏమీ ఆలోచించకుండా కడిగేయండి.

ఘాటు తగ్గాక ధనియాలు, మాచిపత్రి నలిపినట్టు ఒక చేదు, కాస్త లవంగం, వాటి వెనకాల పునుగు వాసన వస్తాయి. బాత్రూమ్ అని అందరూ తిట్టేది దీన్నే. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పూసే తైలం కూడా పునుగుదే, కానీ ఆ మాట చెబితే మావాళ్లు నమ్మరు. పునుగు విడిగా, దగ్గరగా చూస్తే భరించలేం. కొద్దిగా ఉండి, పక్కన తేనె వాసన చేరితే, ఎండలో తిరిగొచ్చిన మనిషి ఒంటి వెచ్చదనంలా ఉంటుంది. అందుకే చెయ్యి ముక్కుకు ఆనించకుండా జానెడు దూరంలో పెట్టి, మామూలుగా ఊపిరి పీల్చండి. ఒక్క స్ప్రే అని ఊరికే అనలేదు, మే నెలలో నాలుగు కొట్టుకుని షేర్ ఆటో ఎక్కితే పక్కనున్న పెద్దావిడ దారంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. తప్పు నాదే.

రెండు గంటలు దాటాక పునుగు సద్దుమణిగి ఓక్ మాస్ పైకొస్తుంది. బిర్యానీలో వేసే రాతిపువ్వు లాగే ఇదీ నాచులా కనిపించే లైకెన్, ఓక్ చెట్ల బెరడు మీద పెరుగుతుంది, తడి మట్టి, పాత చెక్క కలిసిన వాసన. అలెర్జీ వస్తుందని దీని వాడకాన్ని తగ్గిస్తూ వచ్చారు, అందులోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ రెండింటినీ 2017లో యూరప్ నిషేధించింది. కొత్త సీసా శుభ్రంగా ఉంటుంది, దాన్ని కాదనను, కానీ ఈ రెండో గంట మట్టివాసన కోసమే నేను పాతది వెతుక్కుంటాను.

సాయంత్రం స్నానం మానేయండి. మర్నాడు పొద్దున లేవగానే మోచెయ్యి మడిచి వాసన చూడండి. పునుగు ఉండదు, చేదు ఉండదు. ఇస్త్రీ చేసిన చొక్కాలా కాస్త సబ్బు, దాని కింద తేనె.