ల్యాండ్ కన్జర్వేషన్‌లో సమ్మర్ ఇంటర్న్‌షిప్: వెళ్లేముందు ఏం నేర్చుకోవాలి, అక్కడ ఏం చేయాలి

ఈ ఇంటర్న్‌షిప్ అనగానే మొక్కలు నాటడం, అడవుల్లో తిరగడం అనుకుంటారు చాలామంది, అదీ ఉంటుంది కానీ అసలు పని రికార్డు రాయడం.

ముందు కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటే ఏంటో తెలుసుకోండి. భూమి ఓనర్ పేరు మీదే ఉంటుంది, అమ్ముకోవచ్చు, పిల్లలకి ఇచ్చుకోవచ్చు, కాకపోతే ముక్కలు చేసి ప్లాట్లు వేయకూడదు లాంటి షరతులకి ఒప్పుకుని రాసిస్తారు, అవి తర్వాత కొనేవాళ్లకి కూడా వర్తిస్తాయి. అమెరికాలో చాలా ల్యాండ్ ట్రస్టులు, అంటే భూముల్ని కాపాడే సంస్థలు, ఇలాగే పనిచేస్తాయి. షరతులు పాటిస్తున్నారా అని ఏడాదికోసారి వెళ్లి చూసొస్తారు, ఇంటర్న్‌లకి తరచుగా పడేది ఈ మానిటరింగే.

అప్లై చేసేముందు క్యూజీఐఎస్ నేర్చుకోండి, మ్యాపులు తయారుచేసే ఫ్రీ సాఫ్ట్‌వేరే. హద్దులు గీయడం, జీపీఎస్ పాయింట్లు మ్యాప్ మీదకి ఎక్కించడం వస్తే చాలు. సమ్మర్ పోస్టులకి చాలాచోట్ల చలికాలంలోనే నోటిఫికేషన్ పడుతుంది కాబట్టి ఎండాకాలం దాకా ఆగకండి. స్టైపెండ్ ఎంత, సైట్‌కి వెళ్లడానికి బండి వాళ్లే ఇస్తారా అని ఇంటర్వ్యూలోనే అడిగేయండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఫీల్డ్‌లో ఫోటో తీస్తే నంబర్, తేదీ, కోఆర్డినేట్లు, ఏ దిక్కుకి తిరిగి తీశారో అక్కడే రాసుకోండి, సాయంత్రం రాద్దాంలే అనుకుంటే అన్ని చెట్లూ ఒకేలా కనిపిస్తాయి. పాత రిపోర్టులో ఫోటో ఎక్కడ తీశారో సరిగ్గా అక్కడే నిలబడి తీయండి, లేకపోతే ఏం మారిందో పోల్చి చూడలేం. ఇంకోటి, చూసిందే రాయండి, ఊహించింది కాదు. "ఓనర్ చెట్లు కొట్టేశాడు" అని కాదు, "ఉత్తరం హద్దు దగ్గర కొత్తగా నరికిన మొద్దులు ఆరు" అని రాయాలి. రేపు గొడవ కోర్టుకి వెళ్తే ఆ కాగితమే సాక్ష్యం, ఓనర్‌కి అన్యాయం జరగకూడదు, భూమికీ జరగకూడదు.

ఓనర్ కలిసి "ఇక్కడ షెడ్ వేసుకోవచ్చా" అని అడిగితే అవుననీ కాదనీ చెప్పకండి, సూపర్‌వైజర్‌కి చెప్తానని నోట్ చేసుకోండి. గడ్డిలో పిడుదు పురుగులు ఉంటాయి, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, తిరిగొచ్చాక ఒళ్లంతా చూసుకోండి.

చివరి వారం కొత్త సైట్లు ఒప్పుకోవద్దు. ఫైళ్లకి పేర్లు సరిచేసి, సగంలో ఉన్నవి ఏవో ఒక పేజీ రాసి అప్పజెప్పండి.