క్వయర్‌కి కౌబాయ్ పాటలు ఎంచుకునేటప్పుడు

కౌబాయ్ అనగానే గుంటూరులోనైనా బెజవాడలోనైనా ముందు గుర్తొచ్చేది బుర్రిపాలెం కృష్ణ, 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’. ఆ వెంటే ఈల, గిటార్ తీగ మోత, తుపాకీ చప్పుడు. అది ఇటలీ వాళ్లు తీసిన వెస్టర్న్ సినిమాల నేపథ్య సంగీతం దారి. టెక్సాస్ నుంచి కాన్సాస్ దాకా పశువుల్ని తోలుకెళ్లినవాళ్లు పాడుకున్న పాటలు వేరు. ఈ రెంటినీ కలిపేసి లిస్టు వేస్తే క్వయర్‌కి పని మిగలదు. ఈల వేసేవాడూ గిటారిస్టూ కార్యక్రమం నడుపుతుంటారు, మిగతా ఇరవై మంది నిలబడి చూస్తుంటారు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. కౌబాయ్ పాటల్లో చాలా భాగం ఒంటరి గొంతువి. రాత్రి కాపలాలో మంద బెదరకుండా గుర్రం మీద చుట్టూ తిరుగుతూ మెల్లగా పాడుకున్నవి. వాటిని నాలుగు గొంతులకు (ఆడవాళ్లలో హెచ్చు గొంతు సొప్రానో, తగ్గు గొంతు ఆల్టో; మగవాళ్లలో హెచ్చు టెనర్, తగ్గు బాస్) సర్ది అందరి చేతా ఒకేసారి మాట మాటకీ కలిపి పాడిస్తే ఆదివారం ఆరాధన కీర్తనలా తయారవుతాయి. కాబట్టి ఏ పాటకైనా మొదటి పరీక్ష ఇదే: పదిమంది అందుకునే వంత అందులో ఉందా?

ఆ లెక్కన అన్నిటికన్నా ముందు ‘ద ఓల్డ్ చిజమ్ ట్రెయిల్’ తీసుకోండి. ఒకరు రెండు పాదాలు పాడితే అందరూ ‘కమ టై యై యిప్పీ’ అని అందుకుంటారు. బుర్రకథలో ‘తందాన తాన’ విన్నవాళ్లకి ఈ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు. చరణాలు లెక్కలేనన్ని ఉన్నాయి, వాటిలో బూతువీ ఉన్నాయి. ఏరి ఐదారు చాలు. ప్రతి చరణం వేరే మనిషికి ఇస్తే కొత్తవాళ్లకీ సోలో దొరుకుతుంది. ‘రెడ్ రివర్ వ్యాలీ’కి చరణానికీ పల్లవికీ ఒకటే బాణీ, ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. ‘స్ట్రీట్స్ ఆఫ్ లరేడో’ చావబోతున్న కుర్రాడి కథ. ఒకరు పాడాలి, మిగతావాళ్లు మూసిన పెదాలతో హమ్ చెయ్యాలి. ఇలాంటిది కార్యక్రమం మొత్తానికి ఒక్కటే ఉండాలి, రెండో చావుపాటకి జనం ఫోన్లు తీస్తారు.

అందరూ అడిగేది 1948లో స్టాన్ జోన్స్ రాసిన ‘గోస్ట్ రైడర్స్ ఇన్ ద స్కై’. అడగడంలో తప్పు లేదు, మైనర్ బాణీ మన చెవికి నటభైరవి రాగంలా దగ్గరగా ఉంటుంది. కానీ మాటలు ఎక్కువ, నడక వేగం. చరణాలకి కూడా నాలుగు గొంతులు పెడితే మాటలు ముద్దైపోతాయి. చరణం అందరూ ఒకే స్వరంలో, ‘యిప్పీ యై’ దగ్గర మాత్రం గొంతులు విడగొట్టండి.

రెండో పరీక్ష పాట పరిధి. పాటలో అడుగు స్వరం, పై స్వరం కాగితం మీద రాసుకోండి. ‘హోమ్ ఆన్ ద రేంజ్’నే చూడండి: మంద్ర పంచమం (కింది ప) నుంచి మధ్య పంచమం (దాని పై ప) వరకు సరిగ్గా ఒక స్థాయి. సులువే అనిపిస్తుంది. అయితే పుస్తకాల్లో తరచుగా జీ మేజర్‌లో ఇస్తారు, పల్లవి మొదలే పై స్వరం మీద. శిక్షణ లేని ఆల్టోలు అక్కడ అరుస్తారు. ఎఫ్‌కి, అంటే నాలుగు శ్రుతికి దించండి. గిటారిస్టు మూడో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి డి మేజర్ వేళ్ల పట్లు వాయిస్తే సరిపోతుంది. నలుగురు నిలకడైన టెనర్లు లేకపోతే నాలుగు గొంతుల అమరిక మీద ఆశ వదులుకుని సొప్రానో, ఆల్టో, మగవాళ్లు అని మూడు గొంతుల అమరిక తీసుకోవడం మేలు.

అదే పాటని ముందు స్వరాలతో పాడించండి: ప ప స రి గ, స ని ద మ మ మ. మొదటి రెండు ప, ఆ ని, ద మంద్రంలో. ‘బఫలో’ మాటలో మంద్ర దైవతం నుంచి మధ్యమానికి ఒక్క గెంతు ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు అక్కడ జారుతారు, మిగతావాళ్లు దూకుతారు, రెండూ కలిస్తే అపస్వరం. దూకాల్సిందే. నిలబడే స్వరాల మీద గమకం పూర్తిగా మానాలి. ఒక్కరి గొంతు ఊగినా కార్డ్ (కలిసి మోగే స్వరాల కట్ట) చెదురుతుంది. ‘ఆంటిలోప్ ప్లే’ అని పాదం ముగిసే ముందు చాలా అమరికల్లో లోపలి గొంతుకి (ఆల్టో లేదా టెనర్) ప్రతి మధ్యమం, అంటే మామూలు మ కన్నా అర మెట్టు పై స్వరం వస్తుంది. మేజర్ బాణీ కదా, శంకరాభరణం అనుకుని ఆ మామూలు శుద్ధ మధ్యమమే వేసేస్తారు, దాన్ని విడిగా పది సార్లు పాడించాలి. చర్చి క్వయర్ అలవాటున్నవాళ్లని ఆ లోపలి గొంతుల్లో, కచేరీ గొంతులవాళ్లని ప్రధాన బాణీలో నిలబెడితే సగం తలనొప్పి తగ్గుతుంది.

మాటల సంగతి. మనవాళ్లు ఇంగ్లిష్ మాట చివర ‘ఉ’ చేరుస్తారు: హోము, రేంజు. అచ్చు మీద నిలిచి, చివరి హల్లు చెయ్యి ఊపగానే అందరూ ఒకేసారి మూయాలి. అమెరికన్ యాస అనుకరించొద్దు, ఇరవై మంది ఇరవై రకాలుగా చేస్తారు. ‘గెట్ అలాంగ్ లిటిల్ డోగీస్’ తీసుకుంటే, డోగీ అంటే తల్లిలేని దూడ. ‘డాగీస్’ అని పాడితే పాట కుక్కపిల్లల మీదకి పోతుంది, పోస్టర్ మీదా అదే తప్పు పడుతుంది. పాత పాటల్లో అమెరికన్ ఆదివాసుల గురించి నేడు పాడలేని చరణాలున్నాయి. ‘హోమ్ ఆన్ ద రేంజ్’కీ అలాంటిదొకటుంది, వదిలేయండి. యోడెలింగ్‌కి (గొంతుని కింది నుంచి పైకి టక్కున మారుస్తూ పాడటం) కిషోర్ కుమార్ పాటలు సాధన చేసినవాళ్లు ఒకరిద్దరుంటే చాలు.

ఇరవై ఐదు నిమిషాలకి ఆరు పాటలు సరిపోతాయి. మూడు దెబ్బల నడకవి వరసగా రెండుకి మించొద్దు, ఉయ్యాల్లో కూర్చున్నట్టుంటుంది. వాటికి తబలా ఉంటే ఆరు మాత్రల దాద్రా తాళం మెత్తగా వాయించాలి, ఢోలక్ మాత్రం వద్దు. గుర్రపు డెక్కలకి రెండు కొబ్బరి చిప్పలు: లోపల గీకి, బాగా ఎండబెట్టి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచితే రెండు ధ్వనులొస్తాయి. బల్ల మీద గుడ్డ పరిచి కొట్టాలి, లేకపోతే మైకులో పగిలినట్టు వినిపిస్తుంది.

హక్కుల విషయం. పాత జానపదాలకి ఇబ్బంది లేదు, వాటి కొత్త అమరికలకి ఉంటుంది. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా పాడితే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కొన్న అమరికని ఒక ప్రతి నుంచి ఇరవై జిరాక్స్‌లు తీయడానికి, వీడియో యూట్యూబ్‌లో పెట్టడానికి అది వర్తించదు. టికెట్ పెడితే ముందుగా పాటల హక్కుల అనుమతులిచ్చే సంఘం ఐపీఆర్ఎస్‌ని సంప్రదించండి.

తేదీ మీ చేతిలో ఉంటే కనుమ రోజు సాయంత్రం పెట్టుకోండి. పశువుల పండగకి పశువులు తోలేవాళ్ల పాటలు. అనౌన్సర్‌కి ఒక వాక్యం కూడా దొరుకుతుంది: అమెరికాలో ‘బ్రాహ్మన్’ అని పిలిచే పశుజాతి పూర్వీకుల్లో మన ఒంగోలు జాతీ ఉంది, 1970 దాకా ఆ ఒంగోలు గుంటూరు జిల్లాలోదే.