పది వేళ్ల ముద్రలు కార్డు మీద ఎలా వేయాలి?

వేలిముద్ర అంటే బొటనవేలికి ఇంకు పూసి కాగితం మీద అదిమితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చేబదులు నోటుకైతే అదే ఎక్కువ. అమెరికాలో కొన్నాళ్లు ఉండి వచ్చి, కెనడా వలస కోసం అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇచ్చే నేరచరిత్ర పత్రానికి పది వేళ్ల ముద్రల కార్డు పంపాలంటే మాత్రం కుదరదు. నా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది ఎక్కడో ఒకచోట అదిమించుకుని, తిరస్కరణ చేతికందాక వచ్చినవారే.

కావలసినవి: నల్లటి ప్రింటింగ్ ఇంకు, గాజు పలక, చిన్న రబ్బరు రోలరు, స్పిరిట్, పాత నూలుగుడ్డ. స్టాంపు ప్యాడు దగ్గరికి రానివ్వకండి, దాని ఇంకు పాకుతుంది. కార్డు పెట్టే బల్ల ముద్ర ఇచ్చే మనిషి మోచేతి ఎత్తున ఉండాలి. కూర్చోబెట్టి వేయించకండి.

చేతులు సబ్బుతో కడిగించి తడి లేకుండా తుడిపించండి. చెమట పట్టే వేళ్లయితే స్పిరిట్‌తో ఇంకోసారి తుడవండి. గాజు మీద శనగగింజంత ఇంకు వేసి పలచగా పరవండి. పలక కింద పెట్టిన కాగితం లీలగా కనిపిస్తోందంటే చాలు. ఇంకు ఎక్కువైతే గీతల మధ్య సందులు పూడి మసిబొట్టు మిగులుతుంది.

అసలు పని దొర్లించడం. గోరు ఒక అంచు నుంచి రెండో అంచు వరకు, కొన నుంచి మొదటి కణుపు గీత దాకా వేలు కాగితాన్ని తాకాలి. మధ్యలో ఆగకూడదు, వెనక్కి రాకూడదు, చివర తిన్నగా పైకి ఎత్తాలి. బొటనవేళ్లను ఒంటి వైపుకు, మిగతా వేళ్లను ఒంటికి దూరంగా దొర్లించాలి. అలా చేస్తే మణికట్టు మెలికపడిన చోట మొదలై, సాఫీగా ఉన్న చోట ముగుస్తుంది. తిరగేసి చేశారా, చివర్లో వేలు ఎగిరి ముద్ర చెదురుతుంది.

దొర్లించవలసింది మీరు, ఆ మనిషి కాదు. మనిషి సాయం చేయబోతే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తితే గీతలు చదునవుతాయి. అందుకే ఎదుటి గోడ మీద క్యాలెండరు చూపించి తిథి చదవమంటాను. అప్పుడు చెయ్యి వదులవుతుంది.

అంచుల కోసం ఇంత పట్టుబట్టడం చాదస్తం కాదు. మన పెద్దలు చక్రం అనే సుడికి మామూలుగా రెండు పక్కలా గీతలు చీలే చోట చిన్న త్రిభుజాలు ఉంటాయి. ఒకవైపు నుంచి వచ్చి అటే మళ్లే లూపుకు ఒకటే ఉంటుంది. సగం దొర్లిస్తే ఒక త్రిభుజం కార్డు మీదికి రాదు, చక్రం లూపులా కనిపిస్తుంది. 1897లో కలకత్తాలో మొదలైన వేలిముద్రల బ్యూరోలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ లెక్కలు కట్టిన, ముద్రల కార్డులను అరల్లో సర్దే పద్ధతికి వాళ్ల పై అధికారి హెన్రీ పేరు నిలిచిపోయింది, అది వేరే బాధ. ఆ పద్ధతిలో చక్రమున్న వేలికే అంకె. కుడి బొటనవేలిదైతే 16. ఆ ఒక్కటి తప్పితే 1,024 అరల్లో కార్డు వేరే అరలోకి పోయేది. ఇప్పుడు వెతికేది కంప్యూటరే అయినా, కాగితం మీద లేని గీతను అది పుట్టించలేదు.

సిమెంటు పని, బీడీలు చుట్టే పని చేసేవారి వేళ్లు అరిగిపోయి ఉంటాయి. బలంగా నొక్కితే వస్తాయని చాలామంది పొరపడతారు. ఒక తాపీమేస్త్రిని వారం పాటు సిమెంటు ముట్టుకోవద్దని, రాత్రిళ్లు వ్యాజలైన్ రాసుకోమని పంపాను. తిరిగి వచ్చేసరికి చూపుడు వేలి మీద గీతలు భూతద్దంలో దువ్వెన పళ్లలా కనిపించాయి. చర్మం పై పొర అరిగినా, లోతుగా గాయం కాకపోతే అదే ఆకారం మళ్లీ వస్తుంది. స్కానర్లే మేలనేవారు ఇలాంటి వేళ్లతో ఒకసారి ప్రయత్నించి చూడాలి.

కార్డు కింది వరుసలో నాలుగేసి వేళ్లు కలిపి, బొటనవేళ్లు విడిగా, దొర్లించకుండా ఆనించండి. పైన దొర్లించిన ముద్రల్లో కుడి ఎడమలు తారుమారైతే ఇక్కడే పట్టుబడుతుంది. వేలు లేకపోతే గడిని ఖాళీగా వదలకుండా కారణం రాయండి. ఆరేదాకా కార్డును ముట్టుకోవద్దు, కవరులో పట్టడం లేదని మడవవద్దు. పెద్ద కవరు కొనండి.